నాలుగింటికి బండి ఆపేయాలి

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఈమధ్య ఓ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో మ్యాప్ లింకు పంపి, కింద "అన్నయ్యా, రూట్ సెట్. రెండ్రోజులు. వస్తావా?" అని రాశాడు. రాజమండ్రిలో బయల్దేరి రంపచోడవరం, మారేడుమిల్లి, ఘాట్ దిగి చింతూరు. అక్కణ్ణుంచి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు, ధారకొండ మీదుగా చింతపల్లి. తెల్లారి లంబసింగిలో మంచు చూసి, నర్సీపట్నం దిగి, తుని దగ్గర హైవే ఎక్కి ఇంటికి. శనివారం పొద్దున్న మొదలు, ఆదివారం రాత్రికి పూర్తి.

రూటుకి వంక పెట్టడానికేం లేదు. తూర్పు కనుమల్లో బండేసుకుని తిరగడానికి ఇంతకన్నా మంచి చుట్టు నాకు తెలియదు. నా పేచీ అంతా ఆ "రెండ్రోజులు" దగ్గరే. ఫోన్లో చెబితే వాడు సగం విని "నువ్వు మరీ పెద్దమనిషివైపోయావు" అన్నాడు. ఫోన్లో పట్టని మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేననేది ఒకటే. అడవి కొండల్లో బండి ప్రయాణానికి ప్లాన్ వేసేటప్పుడు ఏమేం చూడాలన్నది తర్వాత సంగతి. ఏ రోజైనా ఎన్నింటికి బండి ఆపేయాలో ముందు తేల్చుకోవాలి. నా లెక్కలో అది సాయంత్రం నాలుగు. ఎక్కడ పడుకోవాలి, ఎన్ని రోజులు సెలవు పెట్టాలి, ఏది వదిలేయాలి, అన్నీ ఆ గంటని బట్టే నిర్ణయమవుతాయి.

వెలుగు ఎంతసేపు ఉంటుంది

మన ప్లాన్లన్నీ కిలోమీటర్లలో ఉంటాయి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి 85 దాకా ఉంటుంది, అక్కణ్ణుంచి చింతూరు 40 పైచిలుకు, చింతూరు నుంచి చింతపల్లి 150కి అటూఇటూ. కాగితం మీద చూస్తే ఏముంది, పొద్దున్న బయల్దేరితే రాత్రి భోజనానికి చింతపల్లిలో ఉండొచ్చు అనిపిస్తుంది. హైవే మీద అలవాటైన బుర్రకి అలాగే అనిపిస్తుంది మరి.

ఆ కొండల్లో మెల్లగా సాగుతూ వెళ్తే గంటకి 25 కిలోమీటర్లు పడితే గొప్ప. మ్యాపు చూపించే టైములో టీ ఉండదు, చెక్‌పోస్టు ఉండదు, ఎదురుగా వచ్చే బస్సు మలుపులో తిరిగేదాకా పక్కకి ఒదిగి నిలబడటం ఉండదు. సీలేరు వైపు గంజాయి కోసం తనిఖీలు మామూలే. సంచి కట్టిన తాళ్ళు విప్పి, బట్టలన్నీ చూపించి, ఆర్సీ, ఇన్సూరెన్సు తీసి, మళ్ళీ కట్టుకునేసరికి అరగంట ఎటు పోయిందో తెలియదు. వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు, విసుక్కుని లాభం లేదు. కానీ ఆ అరగంట మన ప్లాన్లో ఎక్కడో ఉండాలి కదా.

ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. మావాడు ఎంచుకున్నది డిసెంబరు. ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. అది మైదానంలో మాట. పడమటి వైపు కొండ ఉన్న లోయలో నాలుగున్నరకే రోడ్డు నీడలోకి వెళ్ళిపోతుంది. పొద్దున్నే త్వరగా బయల్దేరి ఆ గంటలు రాబట్టుకుందామంటే, చింతపల్లి, లంబసింగి వైపు ఎనిమిది దాటినా మంచు విడవదు. ముందు వెళ్ళే బండి ఎర్ర లైటు కూడా కనిపించని మంచులో ఘాట్ దిగడం ఏం పని? అంటే డిసెంబరులో కొండ మీద మనకి అక్కరకొచ్చే వెలుగు ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా, ఎనిమిది గంటలు. గంటకి 25 చొప్పున, తిండికీ తనిఖీకీ రెండు గంటలు తీసేస్తే 150 కిలోమీటర్లు. అదృష్టం బాగుండి ఒక్క పంక్చరు కూడా పడకపోతే చింతూరు నుంచి చింతపల్లికి సరిగ్గా ఒక పగలు పడుతుంది. దాని ముందు రాజమండ్రి–చింతూరు ముక్క ఎక్కడ ఇరికిస్తాం?

అందుకే నా ప్లాన్లో మొదటి రోజు చింతూరులో ఆగిపోవాలి. మధ్యాహ్నం రెండింటికి చేరినా సరే. ఇది విని మావాడు ఫోన్లో అరిచాడు: "మూడు గంటల వెలుగు పెట్టుకుని లాడ్జిలో కూర్చుంటామా?" అవును, కూర్చుంటాం. చింతూరు దాటితే గది దొరుకుతుందని ధైర్యంగా చెప్పగలిగే ఊరు మళ్ళీ చింతపల్లే. మోతుగూడెంలో జెన్‌కో (కరెంటు ఉత్పత్తి సంస్థ) కాలనీ ఉంది, సీలేరులోనూ ఉంది. ముందే మాట్లాడుకుని ఏర్పాటు చేసుకుంటే వేరే విషయం. లేకపోతే ఆ మూడు గంటల వెలుగు మనల్ని అడవి మధ్యకి తీసుకెళ్ళి వదిలేస్తుంది. చింతూరులో శబరి ఒడ్డుకెళ్ళి కూర్చోవచ్చు, చైన్‌కి ఆయిల్ పెట్టుకోవచ్చు, నిద్రపోవచ్చు. జాతీయ రహదారి మీద ఊరు కాబట్టి లారీ డ్రైవర్ల కోసం తెరిచి ఉంచే హోటళ్ళుంటాయి. భోజనానికి లోటుండదు.

చీకటి పడితే ఏమవుతుంది

నిజంగా ఏమవుతుంది? ఎలుగుబంటి వస్తుందనో ఇంకేదో వస్తుందనో భయపెట్టేవాళ్ళున్నారు. ఆ అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నమాట నిజమే గానీ, బండి మీద వెళ్ళేవాడికి అసలు భయం ఆవులతో. సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చిన పశువులు చలికి వెచ్చగా ఉంటుందని తారు రోడ్డు మీదే పడుకుంటాయి. మలుపు తిరగ్గానే నల్లటి గేదె, నల్లటి రోడ్డు. హెడ్‌లైటు మలుపులో నేరుగా లోయలోకి కొడుతుంది తప్ప మనం తిరగబోయే వైపు చూపించదు. పగలైతే ఎదురుగా లారీ వస్తోందని రెండు మలుపుల అవతలే కనిపిస్తుంది. రాత్రి దాని లైటు మాత్రం కనిపిస్తుంది, అది ఏ మలుపులో ఉందో, పై రోడ్డులో ఉందో కింద రోడ్డులో ఉందో అర్థం కాదు.

ఆపైన సిగ్నల్ ఉండదు. దారి పొడవునా లేదని కాదు, ఉన్నచోట ఉంటుంది. బండి ఆగిపోయిన చోట మాత్రం ఉండదు. పగలు బండి చెడిపోతే గంటలోపు ఎవరో ఒకరు వస్తారు, జీపో ఆటోనో ఆపుతుంది, ముందు ఊళ్ళో మెకానిక్ ఎవరో చెబుతారు. రాత్రి ఏడింటికి చెడిపోతే పొద్దున్నదాకా అంతే. పంక్చరు రెంటికీ ఒకటే, దాని ఖరీదు మాత్రం ఒకటి కాదు.

ఇక్కడ మావాడి వాదన కూడా రాయాలి, కొట్టిపారేసేది కాదు. "అక్కడివాళ్ళు రోజూ రాత్రిపూట తిరుగుతూనే ఉన్నారుగా, ముగ్గురేసి ఎక్కి" అన్నాడు. నిజమే. వాళ్ళకి ప్రతి మలుపూ తెలుసు, ఏ వాగు దగ్గర రోడ్డు కుంగిందో తెలుసు, బండి ఆగిపోతే వెళ్ళి తలుపు తట్టడానికి ఇల్లు తెలుసు. మనకి ఆ మూడూ లేవు. పైగా వాళ్ళు చేసేదంతా చూసి నేర్చుకునేదీ కాదు. మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ మీద ముందూ వెనకా మూటలేసుకుని నన్ను దాటి చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు. కింద టీ కొట్టు దగ్గర కలిస్తే అడిగాను, ఇంజను ఆపేసి దిగారేమిటండీ అని. "దిగుడే కదా బాబూ, పెట్రోలు దండగ" అన్నాడు. ఏళ్ళ తరబడి అలాగే దిగుతున్నాడట. ఇంజను ఆపితే బండిని పట్టి ఉంచేది బ్రేకులొక్కటే. ఆయన మూటలు దించుకుని ఇంకో టీ చెప్పుకున్నాడు, నా మాటకి నవ్వి ఊరుకున్నాడు.

దిగేటప్పుడు అసలు నియమం చిన్నదే. ఆ ఎత్తు ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. ఇంజనే బండిని లాగి పట్టుకుంటుంది, బ్రేకు మలుపు ముందు మాత్రమే పడుతుంది. ఎదురుగా ఎక్కే బండి ఉంటే దిగేవాళ్ళమే ఆగి దారివ్వాలి. చట్టంలోనూ అలాగే ఉంది, ఇంగితమూ అదే. ఎక్కే లారీని మధ్యలో ఆపిస్తే దాన్ని మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది.

గంట పెట్టుకుంటే తొందర పెరగదా

నా నియమం మీద నాకే ఉన్న అనుమానం ఇది. నాలుగింటికి చేరాలని గీత గీసుకుంటే మూడింటి నుంచి అందరూ యాక్సిలరేటర్ తిప్పడం మొదలుపెడతారు. ఆపడానికి పెట్టుకున్న గంట కాస్తా రేసులో ఫినిషింగ్ లైన్ అయిపోతుంది. నాతో వచ్చినవాళ్ళలో ఇది కళ్ళారా చూశాను. మూడున్నర దాటాక ఎవరూ టీకి ఆగమనరు, ఎవరూ ఫొటో తీయరు, మలుపుల్లో హారన్లు ఎక్కువవుతాయి.

దీనికి నాకు తోచిన విరుగుడు, వెనక్కి తిరిగే గంట కూడా ముందే రాసుకోవడం. చింతూరు–చింతపల్లి రోజుకి నేను పెట్టుకునేది ఇది: పదకొండున్నరకల్లా డొంకరాయి చేరలేదంటే ఆ రోజు చింతపల్లి లేదు. వెనక్కి తిరిగి చింతూరే. నాలుగింటికి ఎక్కడుంటామన్నది మూడింటికి తేలే విషయం కాదు, పొద్దున్న పదకొండున్నరకే తేలిపోతుంది. అప్పుడు తొందరపడాల్సిన పని ఉండదు. అవుతుందో అవ్వదో సగం దారిలోనే తెలుసు.

చెప్పడం తేలికే, వెనక్కి తిరగడం కష్టం. హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాడు డొంకరాయిలో బండి వెనక్కి తిప్పడు. అందుకే మొదటి రోజు చింతూరు, రెండో రోజు చింతపల్లి, మూడో రోజు ఇల్లు పోగా, నాలుగో రోజు ఖాళీగా ఉండాలంటాను. ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండి సోమవారం పొద్దున్న లాగిన్ అవ్వాల్సినవాడు చీకట్లోనైనా వెళ్తాడు, వానలోనైనా వెళ్తాడు. ఘాట్ మీద మనిషిని తరిమేది చాలాసార్లు సెలవు చిట్టీయే. 2024 సెప్టెంబరు వానలకి ధారకొండ–సీలేరు ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రోడ్డు తెగిపోయింది. అలాంటప్పుడు వచ్చిన దారినే మొత్తం వెనక్కి రావాలి, పక్కదారి అంటూ ఉండదు. రెండ్రోజుల ప్లానుకి అక్కడితో నూకలు చెల్లినట్టే. నాలుగు రోజుల ప్లానయితే చింతూరులో ఇంకో రాత్రి పడుకుంటుంది, అంతే తేడా.

ఇంకో సంగతి. ఆగుదామని ఎవరు చెప్పాలి? నలుగురు మగాళ్ళు కలిసి బండ్ల మీద వెళ్తుంటే ఆ మాట అనేవాడు ఉండడు. ఒకసారి మా ఆఫీసు మిత్రులతో అనంతగిరి ఘాట్ దిగుతుంటే, ఆఖర్న వస్తున్నాయన టీ కొట్టు దగ్గర బండి స్టాండ్ వేయగానే కాలిన వాసన గుప్పుమంది. వెనక డ్రమ్ము నుంచి సన్నగా పొగ. చాలాసేపటి నుంచి పెడల్ కిందికి దిగిపోతోందట, బ్రేకు పట్టట్లేదట. "మీరందరూ వెళ్ళిపోతున్నారు, ఆపడం ఎందుకని" అన్నాడు. కొట్టావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది పోద్దామని. వేడి డ్రమ్ము మీద చల్లనీళ్ళు పోస్తే పగులుతుంది, వద్దమ్మా అని ఆ నీళ్ళు మేమే తాగాం. ముప్పావుగంట కూర్చున్నాం. చేత్తో ముట్టుకోగలిగినంత చల్లారాక, ఆయన్ని అందరికన్నా ముందు పెట్టి, సెకండు గేరులో దించాం. అప్పటి నుంచీ నేను పట్టుబట్టేది రెండు: అందరిలోకీ మెల్లగా నడిపేవాడు ముందుండాలి. ఎవరు ఆగుదామన్నా ఆగాలి, ఎందుకని అడక్కూడదు. దీనికి నన్ను హిట్లర్ అన్నవాళ్ళున్నారు. అననీ.

బండి గురించి నాలుగు మాటలు

మావాడు అద్దెకి పెద్ద అడ్వెంచర్ బండి తీసుకుంటానంటున్నాడు. నా దృష్టిలో మనకి చప్పుడు తెలిసిన బండే మంచి బండి. రోజూ ఆఫీసుకెళ్ళే బండిలో ఏ చిన్న తేడా వచ్చినా చెవికి తెలుస్తుంది. కొత్త బండిలో అది మామూలు చప్పుడో జబ్బు చప్పుడో తెలియదు. పైగా స్ప్లెండర్ విడిభాగాలు ఏ సంత ఊళ్ళోనైనా దొరుకుతాయి, పెద్ద బండివి విశాఖపట్నం నుంచి రావాలి. ముందు డిస్కు బ్రేకు, మంచి టైర్లు ఉన్న బండి ఘాట్‌లో హాయిగా ఉంటుందన్నమాట నేను కాదనను. అలాంటిది సొంతంగా ఉండి, దాంతో కొన్నాళ్ళు తిరిగి ఉంటే అదే తీసుకెళ్ళాలి.

మా మెకానిక్ దగ్గర నేర్చుకున్న ఒక కిటుకు మాత్రం అందరికీ చెబుతాను. క్లచ్ వైరు కొత్తది కొని సంచిలో పెట్టుకోవడం అందరూ చేసేదే. ఈయన దాన్ని పాత వైరు పక్కనే హ్యాండిల్ నుంచి ఇంజను దాకా దారి పట్టించి, అక్కడక్కడా టేపు చుట్టి వదిలేస్తాడు. పాతది తెగితే రెండు కొసలూ విప్పి కొత్తదాన్ని తగిలించడమే, పది నిమిషాల పని. ట్యాంకు విప్పక్కర్లేదు. "చీకట్లో కొండ మీద ట్యాంకు విప్పి చూడండి సార్, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు. ఆయన ఎప్పుడు విప్పాడో అడగలేదు. ఊపిరి బిగబట్టి టేపు చుడుతున్నాడు, మాట్లాడించబుద్ధి కాలేదు.

స్పోకుల చక్రాలున్న బండ్లకి చాలావరకు ట్యూబు ఉంటుంది కాబట్టి ఒక ట్యూబు, టైరు విప్పే రాడ్లు, చేతి పంపు. పెట్రోలు చింతూరులో మూతి దాకా కొట్టించుకోవాలి. సీసా పెట్రోలు అమ్మే కొట్లు దారిలో తగలొచ్చు, వాటిని నమ్ముకుని ప్లాన్ వేయకూడదు. ఒళ్ళంతా కప్పే బట్టలు చలికే కాదు, దోమలకి కూడా. మన్యంలో మలేరియా ఇంకా పోలేదు. ఇంట్లో ఒక కాగితం మీద ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటామో రాసిపెట్టాలి. ఫోన్ కలవకపోతే ఎప్పటి దాకా టెన్షన్ పడకూడదో కూడా అందులో రాయాలి. మా ఆవిడకి ఉపయోగపడేది ఆ రెండో వాక్యమే.

కష్టం లేకపోతే ఎందుకు వెళ్ళడం

మావాడి చివరి అస్త్రం ఇది. "అన్నీ ముందే కట్టేసుకుంటే అందులో థ్రిల్ ఏముంది? కారులో వెళ్ళొచ్చుగా." ఈ మాటలో కొంత పస ఉంది. కొన్ని మంచి జ్ఞాపకాలు ప్లాన్ తప్పినప్పుడే వస్తాయి. నాకూ ఉన్నాయి అలాంటివి. వర్షానికి ఒక స్కూలు వరండాలో ఇరుక్కుపోతే, అక్కడి వంటావిడ పిల్లలతో పాటు మాకూ అన్నం పెట్టింది. అది ఏ ప్లాన్లోనూ రాసుకోలేం. అది కూడా పగటిపూట జరిగిందే అన్నది వేరే విషయం.

కానీ ఆ రోడ్డు మీద పగలు నడిపినా కష్టానికి తక్కువేం లేదు. కంకర తేలిన చోట్ల ముందు చక్రం ఎటు పోతుందో తెలియదు. రోజంతా మలుపులు తిప్పితే సాయంత్రానికి చేతులు అన్నం కలపడానికి కూడా వణుకుతాయి. ధారకొండ ఘాట్ ఎక్కి సప్పర్ల వైపు వెళ్తుంటే గాలి మారిపోతుంది, ఒక్కసారిగా చలి. గూడెం కొత్తవీధి, ఆర్‌వీ నగర్ దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి రెండువైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ తోటలు. చీకట్లో వెళ్తే ఇదేదీ ఉండదు, చలి ఒక్కటే ఉంటుంది.

ఇంకా ఒకటుంది, దీన్ని చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు పనుల్లో కొండవాళ్ళ చేత సరిగా కూలివ్వకుండా వెట్టి చేయించాడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడటానికి వెనకున్న కారణాల్లో ఆ రోడ్డు కూడా ఉంది. మనం ఆదివారం సరదాకి వెతుక్కునే కష్టం, ఒకప్పుడు ఆ దారి మీదే కొందరి నెత్తిన బలవంతంగా పెట్టినది. ఈ మాట తెలిసినంత మాత్రాన బండి మానుకోమని నేననను, నేనూ మానలేదు. "ఎంత టఫ్ రూటో కొట్టాం" అని ఫొటో కింద రాసేటప్పుడు మాత్రం నాకు చెయ్యి రాదు.

మరి ఎప్పుడు వెళ్ళాలి

వానాకాలం నా లెక్కలో లేనే లేదు. గోదావరి పోటెత్తితే శబరి వెనక్కి తన్ని చింతూరు వైపు రోడ్లే మునుగుతాయి, పైన కొండచరియల సంగతి చెప్పనే చెప్పాను. వాన వెలిశాక, అక్టోబరు ఆఖర్లో, నవంబరులో వలిసె పూల పసుపు చూడొచ్చు. అప్పుడు అరకు, పాడేరు వైపు జనం మరీ ఎక్కువ.

నా ఓటు మార్చికి. పగలు పొడుగవుతుంది, పొద్దున్న మంచు త్వరగా విడుస్తుంది, రోడ్డు పొడిగా ఉంటుంది. కాఫీ తోటలకి వేసవి మొదట్లో ఒక మంచి జల్లు పడితే కొమ్మల నిండా తెల్లటి పూలు పూస్తాయి, మల్లె లాంటి వాసన రోడ్డు మీదికి వస్తుంది. చింతూరులో ఎండ మాడ్చేస్తుంది, అది ఒప్పుకోవాలి. కానీ చింతూరులో మనం చేసేదల్లా మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకోవడమే కదా.

మార్చిలో లంబసింగిలో మంచు ఉండదని ఎవరైనా అంటే, ఉండదు, నిజమే. డిసెంబరు ఆదివారాల్లో అక్కడ తెల్లవారుజామున మూడింటి నుంచే కార్లు బారులు తీరతాయి. నిద్ర లేని డ్రైవర్లు, పాటలు, మధ్యలో మంచు, మలుపుల్లో సెల్ఫీలు. ఆ మంచే కావాలనుకునేవాళ్ళు నర్సీపట్నంలో రాత్రి ఉండి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి చూసి రావచ్చు. ఆ పూట ఆ ఘాట్ మీద ఒక బండి తగ్గినా మేలే.